పన్నెండో రోజు దాటని ఆరంభశూరత్వం: ఆరోసారి మొదలుపెట్టి ఆరోసారీ ఆపేశాను

ఆరంభశూరుడు | జనవరి 14, రాత్రి 10:40

పేరు చూస్తేనే సంగతి తెలిసిపోతుంది కదా. వయసు 38, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. జనవరి ఒకటిన వ్యాయామం మొదలుపెట్టాను, పన్నెండున ఆగిపోయింది. మొదటిసారి అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. నాలుగేళ్లలో ఇది ఆరోసారి.

ఈసారి ప్లాన్ గట్టిగానే వేశాను. ఉదయం 5కి లేవడం, 45 నిమిషాలు పరుగు, వచ్చాక యాప్ చూస్తూ 20 నిమిషాలు స్క్వాట్స్, పుషప్స్. వారానికి ఏడు రోజులూ. మొదటి మూడు రోజులు ఎంత హుషారంటే ఇంట్లోవాళ్లకి కూడా క్లాసు పీకాను. నాలుగో రోజు తొడలు పట్టేశాయి. మెట్లు దిగాలంటే కమ్మీ పట్టుకుని పీతలా పక్కకి దిగాల్సి వచ్చింది. అయినా ఆపలేదు. పదకొండో రోజు రాత్రి ఆఫీసు పని ఒంటిగంట దాకా సాగింది. పన్నెండున అలారం ఆపేసి పడుకున్నాను. సాయంత్రం యాప్ తెరిస్తే ‘మీ 11 రోజుల వరుస తెగిపోయింది’ అని ఆరిపోయిన మంట బొమ్మ. ఒళ్లు మండి యాప్‌నే తీసేశాను.

షూస్ తలుపు పక్కనే ఉన్నాయి. కొని నాలుగేళ్లయినా అడుగున మధ్య గుంటలో అంటించిన సైజు స్టిక్కర్ ఇంకా ఊడలేదు. వాటి వైపు చూడకుండా బయటికి వెళ్లడం మాత్రం బాగా అలవాటైంది.

మీలో చాలామంది ఏళ్ల తరబడి చేస్తున్నారు. మోటివేషన్ పోకుండా ఎలా చూసుకుంటున్నారు?

ఐరన్_బ్రో | జనవరి 14, రాత్రి 10:58

బ్రో, మోటివేషన్ కోసం ఎదురుచూస్తే ఈ జన్మకి అవ్వదు. డిసిప్లిన్ కావాలి. మూడ్ ఉన్నా లేకపోయినా అలారం మోగితే లేవాలి, అంతే. పళ్లు తోముకోవడానికి మోటివేషన్ కావాలా? నేను ఆరేళ్లుగా జిమ్‌కి వెళ్తున్నాను. నో ఎక్స్‌క్యూజెస్.

లెక్కల_పంతులు | జనవరి 14, రాత్రి 11:25

శూరుడు గారూ, మోటివేషన్ సంగతి తర్వాత. ముందు మీ ప్లాన్‌కి కూడికలు వేద్దాం. రోజుకి 45, 20 కలిపి 65 నిమిషాలు. ఏడు రోజులకి 455 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకి చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాలు, అదీ చురుకైన నడక లాంటి మధ్యస్థ శ్రమ. పరుగులాంటి గట్టి శ్రమ అయితే 75 నుంచి 150 చాలు. వీటితోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పాలి.

మీరు సున్నా నుంచి ఒక్క రాత్రిలో 455కి దూకారు, అదీ ఎక్కువ భాగం పరుగు. గట్టి శ్రమకి చెప్పిన పైహద్దుకి అది రెండింతలు దాటింది. పదకొండు రోజులు లాగారంటే మీకు పట్టుదల లేదని ఎవరూ అనలేరు. నేనైతే నాలుగో రోజే మంచం దిగేవాణ్ణి కాదు.

ఇంకో ముచ్చట. పాత మార్గదర్శకాల్లో వ్యాయామం కనీసం పది నిమిషాలు ఏకబిగిన చేస్తేనే లెక్క అని ఉండేది. 2020లో ఆ షరతు తీసేశారు. మూడు నిమిషాలు మెట్లెక్కినా లెక్కే.

ఐరన్_బ్రో | జనవరి 14, రాత్రి 11:31

మూడు నిమిషాలకి షర్ట్ కూడా తడవదు సార్ 😂

ఫిజియో_డెస్క్ | జనవరి 15, ఉదయం 7:10

రోజూ ఇలాంటి కాళ్లే చూస్తాను కాబట్టి ఆ పీత నడక గురించి నాలుగు ముక్కలు.

అలవాటు లేని పని చేసిన మర్నాటి నుంచి మొదలై, 24 నుంచి 72 గంటల మధ్య బాగా ముదిరి, తర్వాత తగ్గే నొప్పి అది. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోవడం వల్ల అని ఇప్పటికీ చాలామంది అంటారు. కాదు. అది వ్యాయామం ఆపిన గంటలోపే రక్తంలోంచి దాదాపు సర్దుకుంటుంది, రెండు రోజుల తర్వాత నొప్పి పెట్టడానికి అక్కడ ఉండదు. కండరం సాగుతూ బరువు మోసినప్పుడు దానిలో సన్నటి దెబ్బలు తగులుతాయి. స్క్వాట్‌లో కిందికి దిగేటప్పుడు తొడ చేసేది అదే పని. మెట్లు దిగేటప్పుడూ అదే. అందుకే మీకు ఎక్కడం కన్నా దిగడం నరకమైంది.

సంతోషించాల్సిన విషయం ఏంటంటే అదే పని వారం తర్వాత చేస్తే నొప్పి చాలా తక్కువగా ఉంటుంది. కానీ మీరు నొప్పి మీద నొప్పి పెట్టుకుంటూ పోయారు.

రెండు కాళ్లూ సమంగా, కండరంలో, నొక్కితే నొప్పిగా ఉంటే కంగారు అక్కర్లేదు. కీలులో పొడిచినట్టు ఉన్నా, వాపు వచ్చినా, ఒకవైపే ఉన్నా చూపించుకోండి. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వ్యాయామంలో ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా అక్కడే ఆపేయండి, డిసిప్లిన్ తర్వాత చూసుకోవచ్చు.

ఆరంభశూరుడు | జనవరి 15, రాత్రి 9:15

పంతులు గారూ, 455 అని చూసి నాకే నవ్వొచ్చింది. ఎప్పుడూ కూడలేదు.

ఫిజియో గారూ, నొప్పి రెండువైపులా సమంగానే ఉండేది, ఇప్పుడు లేదు. థాంక్సండీ.

ఒక్క డౌటు. 21 రోజులు దాటిస్తే ఏదైనా అలవాటైపోతుందంటారు కదా. నా టెన్షన్ అంతా అదే. ఎప్పుడు మొదలుపెట్టినా ఆ 21 దాటితే గట్టెక్కినట్టేనని పళ్లు బిగిస్తాను, మధ్యలో ఒక్కరోజు పోతే మళ్లీ ఒకటి నుంచి అని నీరసం వచ్చేస్తుంది.

లెక్కల_పంతులు | జనవరి 15, రాత్రి 10:02

ఈ 21 నాకు పాత పగ. 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ తర్వాత రోగులకి తమ కొత్త ముఖం అలవాటు కావడానికి ‘కనీసం’ సుమారు 21 రోజులు పడుతోందని రాశారు. చేతులు మారుతూ వచ్చేసరికి ఆ ‘కనీసం’ ఊడిపోయింది, ముఖం పోయి వ్యాయామం వచ్చింది.

అసలు కొలిచినవాళ్లు ఉన్నారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. ఎవరికి నచ్చిన పని వాళ్లు ఎంచుకుని రోజూ ఒకే సందర్భంలో చేయాలి. 2009లో బయటికొచ్చిన ఫలితం ప్రకారం, అది ఆలోచించకుండా చేసే పనిగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషికీ మనిషికీ తేడా 18 నుంచి 254 రోజుల దాకా (254 అనేది గ్రాఫు పొడిగించి వేసిన అంచనా). గ్లాసుడు నీళ్లు తాగడం లాంటివి తొందరగా, వ్యాయామం నెమ్మదిగా కుదిరాయి.

మీకు పనికొచ్చే ముక్క వేరే ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినవాళ్లకి దానివల్ల చెప్పుకోదగ్గ నష్టం రాలేదు. అంటే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవదు. మీ యాప్‌లో మంట ఆరిపోయింది గానీ మీలో ఆ పదకొండు రోజులు ఎక్కడికీ పోలేదు.

రాత్రి_డ్యూటీ | జనవరి 16, ఉదయం 9:48

ఇప్పుడే నైట్ దిగి వచ్చి చదువుతున్నాను. నేను నర్సుని, ఇద్దరు పిల్లలు. ‘ఉదయం 5కి లేవండి’ అని ఎవరైనా అంటే నవ్వుకుంటాను, ఆ టైంకి నేను వార్డులో ఉంటాను. నాకు గడియారం పనికిరాదు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి.

అందుకని టైం వదిలేసి ఒక పని పట్టుకున్నాను. ఇంటికొచ్చి తాళం తీశాక, భుజం మీది బ్యాగ్ కొక్కేనికి తగిలించి, అక్కడే నిలబడి షూస్ మారుస్తాను. సోఫా ఆ కొక్కేనికి నాలుగడుగుల దూరంలో ఉంది. ఆ నాలుగడుగులు వేసి కూర్చున్నానా, ఆ రోజు అయిపోయినట్టే. రెండేళ్లలో సోఫా మీంచి లేచి వెళ్లింది బహుశా మూడుసార్లు.

ఇంకోటి, నాకిష్టమైన సీరియల్ కథ ఆడియో ఒకటి వింటాను. నడుస్తున్నప్పుడే వినాలని రూలు. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు ఆగితే మర్నాడు కాళ్లు వాటంతటవే బయటికి లాగుతాయి. మా ఇంటి సందు చివర రెండు నిమిషాలు ఊరికే నిలబడి విన్న రోజులు కూడా ఉన్నాయి, అది నడకలోకి రాదనుకోండి.

లెక్కల_పంతులు | జనవరి 16, మధ్యాహ్నం 1:30

సిస్టర్ చెప్పిన రెండింటి మీదా పరిశోధన ఉంది. 2002లో 248 మంది విద్యార్థులతో చేసిన ఒక అధ్యయనంలో, ‘ఏ రోజు, ఏ వేళకి, ఎక్కడ చేస్తాను’ అని కాగితం మీద రాయించిన గుంపులో 91 శాతం ఆ వారంలో ఒక్కసారైనా 20 నిమిషాల వ్యాయామం చేశారు. గుండెజబ్బుల గురించి చదివించి స్ఫూర్తి మాత్రమే నింపిన గుంపులో 35 శాతం. ఏమీ చెప్పనివాళ్లు 38. స్ఫూర్తి ప్రసంగం విన్నవాళ్లు, విననివాళ్లు దాదాపు ఒక్కటే! అయితే అది వారంలో ఒక్కసారి లెక్క, ఏడాది లెక్క కాదు.

కథల సంగతి: 2014లో కేటీ మిల్క్‌మన్ బృందం కొందరికి పట్టుగా సాగే ఆడియో పుస్తకాలిచ్చి, జిమ్‌లో మాత్రమే వినేలా కట్టడి చేసింది. మొదట్లో మిగతావాళ్లకన్నా వాళ్లు 51 శాతం ఎక్కువసార్లు వెళ్లారు. తర్వాత సెలవులొచ్చాయి. సెలవులయ్యాక ఆ ఊపు చాలావరకు పోయింది. కాబట్టి వాడుకోండి గానీ సెలవుల దగ్గర జాగ్రత్త.

ఆఫర్_వేట | జనవరి 16, సాయంత్రం 6:05

సింపుల్. జిమ్‌లో ఏడాదికి డబ్బు ఒకేసారి కట్టేయండి. డబ్బు పోతుందన్న బాధతో మీరే వెళ్తారు.

లెక్కల_పంతులు | జనవరి 16, సాయంత్రం 6:40

కట్టినవాళ్ల హాజరు లెక్కలు తీసి 2006లో ఇద్దరు ఆర్థికవేత్తలు పేపర్ రాశారండీ. నెలవారీ సభ్యులు నెలకి సగటున అయిదుసార్లు కూడా వెళ్లలేదు. వెళ్లినరోజు టికెట్ కొనుక్కుని ఉంటే తక్కువ అయ్యేది.

ఆఫర్_వేట | జనవరి 16, సాయంత్రం 6:44

నా గురించి రాసినట్టుంది.

నడకపిచ్చి | జనవరి 17, ఉదయం 6:20

నాకు 61. నడక మొదలుపెట్టింది 52లో. మీ అందరిలా చదివి మొదలుపెట్టలేదు, డాక్టరమ్మ తిడితే మొదలుపెట్టాను.

శూరుడు బాబూ, నువ్వు మంచిరోజుకి ప్లాన్ వేశావు. నిద్ర బాగా పట్టి, ఆఫీసులో పని తక్కువగా ఉండి, వాన లేని రోజుకి. నెలలో అలాంటివి ఎన్ని వస్తాయి? నేను చెడ్డరోజుకి వేసుకున్నాను. తలనొప్పిగా ఉన్నా, ఇంటికి చుట్టాలొచ్చినా, ఎవరితోనైనా గొడవైనా చేయగలిగేది ఎంతో అంతే నా కోటా. షూస్ వేసుకోవాలి, లేసు కట్టుకోవాలి, గేటు దాకా వెళ్లి గేటు గడియ ముట్టుకోవాలి. ముట్టుకున్నాక వెనక్కి వచ్చేసినా ఆ రోజు చేసినట్టే.

మొదటి నెలలో నిజంగా గడియ ముట్టుకుని వెనక్కి వచ్చేసినవి అయిదు రోజులు. నా నోటుబుక్కులో ‘గే’ అని రాసి ఉంటాయి. మిగతా రోజులు, లేసు కట్టుకున్నాక ఎలాగూ వచ్చాం కదా అని నడిచినవే.

ఐరన్_బ్రో | జనవరి 17, ఉదయం 8:02

ఆంటీ, గేటు దాకా నడిస్తే ఏం కరుగుతుంది చెప్పండి? ఇలా చెప్పే జనాన్ని ఇంకా బద్ధకస్తుల్ని చేస్తున్నారు.

నడకపిచ్చి | జనవరి 17, ఉదయం 8:15

ఏం కరగదు నాయనా. కరిగించే పని మిగతా పాతిక రోజులది. ఈ అయిదు రోజులు ఆ పాతికనీ విడిపోకుండా పట్టుకుంటాయి. నాది తొమ్మిదేళ్లయింది, నీది ఆరే కదా. నేనే సీనియర్ని.

మోడరేటర్ | జనవరి 17, ఉదయం 8:50

ఇక్కడ ‘కొవ్వు కరిగించే పొడి’ అమ్ముతూ పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. చర్చ కొనసాగించండి. ఐరన్_బ్రో గారూ, కాస్త నెమ్మదిగా.

చీకట్లో_నడిచే_అమ్మాయి | జనవరి 17, రాత్రి 11:12

చాలా నెలలుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నా సమస్య బద్ధకం కాదు, సిగ్గు. బరువు ఎక్కువ. పరిగెత్తాలని ఉంది. కానీ ఎవరైనా చూస్తారేమోనని పొద్దు గుంకాక బయల్దేరతాను. నిమిషం పరిగెత్తేసరికి గుండె నోట్లోకి వచ్చేస్తుంది. ఎదురుగా ఎవరైనా వస్తే షూ లేసు ఊడినట్టు వంగి కట్టుకుంటున్నట్టు నటిస్తాను. నిన్న అలా నాలుగుసార్లు కట్టుకున్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

రాత్రి_డ్యూటీ | జనవరి 18, ఉదయం 10:05

చెల్లీ, ఆ లేసు నాటకం నేనూ ఆడాను. నేనైతే ఫోన్ వచ్చినట్టు కూడా నటించేదాన్ని. ఒకసారి చెవి దగ్గర పెట్టుకున్న ఫోన్ నిజంగానే మోగింది.

ఎవరూ చూడరని అబద్ధం చెప్పను. చూస్తారు. నేనూ దారిలో పరిగెత్తేవాళ్లని చూస్తాను, ‘నేను ఈ వారం బయటికే రాలేదే’ అనుకుంటాను. చాలామంది చూపులో ఉండేది అదే. ఇక చీకటి సంగతి, వెలుతురున్న దారి చూసుకో. కుదిరితే ఎవరినైనా తోడు తీసుకెళ్లు.

ఫిజియో_డెస్క్ | జనవరి 18, ఉదయం 11:30

అమ్మా, గుండె నోట్లోకి వస్తోందంటే మీరు పరిగెత్తలేనివారని కాదు, మీ ఇప్పటి శక్తికి ఆ వేగం ఎక్కువని. దీనికి గడియారాలేవీ అక్కర్లేదు. వ్యాయామం చేస్తూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. అది మధ్యస్థ శ్రమ. రెండు మూడు మాటలకే ఊపిరి అందకపోతే గట్టి శ్రమ. మొదటి వారాల్లో ఎక్కువసేపు మొదటి రకంలోనే ఉండండి.

పరుగే కావాలంటే ‘కౌచ్ టు 5కె’ (సోఫా నుంచి 5 కిలోమీటర్ల పరుగు దాకా) అని 1996 నుంచి వాడుకలో ఉన్న తొమ్మిది వారాల పద్ధతి ఉంది. వారానికి మూడు రోజులే. మొదటి వారం: అయిదు నిమిషాలు నడక, తర్వాత 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, ఇలా మారుస్తూ 20 నిమిషాలు. పరుగంటే జాగింగే, పక్కన నడిచేవాళ్లు దాటేసి వెళ్లినా పర్వాలేదు. ఏ వారం కష్టమనిపిస్తే ఆ వారం మళ్లీ చేయండి. బీపీ, గుండె, షుగర్ లాంటివి ఉన్నా, కీళ్ల బాధలున్నా ముందు మీ డాక్టర్‌తో ఒకమాట మాట్లాడండి.

చీకట్లో_నడిచే_అమ్మాయి | జనవరి 18, రాత్రి 8:40

60 సెకన్లా? నేను నిన్న చేసింది అదేనా?! నాకు చేతకావట్లేదని ఏడ్చింది మొదటి వారం పాఠానికా?

ఆరంభశూరుడు | జనవరి 25, రాత్రి 9:30

వారం రిపోర్టు. ఉదయం 5 అలారం తీసేశాను. సాయంత్రం ల్యాప్‌టాప్ మూత వేసిన వెంటనే షూస్. అవి ఇప్పుడు తలుపు పక్కన కాదు, నా కుర్చీ కింద ఉన్నాయి. పది నిమిషాలు నడక, సోమ, గురువారాలు గోడకి పుషప్స్ పది. అంతే. చెడ్డరోజు కోటా: మెట్లు ఒకసారి దిగి ఎక్కడం.

నిజం చెప్పాలంటే బోరుగా ఉంది. పది నిమిషాలకి ‘ఇంతేనా’ అనిపించి ఇంకో అరగంట చేద్దామని చేతులు దురద పెడుతున్నాయి.

నడకపిచ్చి | జనవరి 26, ఉదయం 6:05

ఆ దురద ఉండగానే ఇంటికి వచ్చెయ్యి. అదే రేపటికి పెట్టుబడి.

ఆరంభశూరుడు | ఫిబ్రవరి 11, రాత్రి 10:20

పన్నెండో రోజు ఎప్పుడు దాటిపోయిందో చూసుకోలేదు. కానీ ఇవాళ మూడ్ పాడైంది. బరువు చూసుకుంటే 800 గ్రాములు పెరిగాను. తగ్గలేదు, పెరిగాను! నాలుగు వారాల కష్టానికి ఇదా ఫలితం?

ఫిజియో_డెస్క్ | ఫిబ్రవరి 12, ఉదయం 7:25

కొత్తగా పని చేస్తున్న కండరాలు మరమ్మత్తు కోసం, శక్తి దాచుకోవడం కోసం నీళ్లు పట్టి ఉంచుకుంటాయి. ఉదయానికీ రాత్రికీ మధ్యే శరీరం కిలో దాకా ఊగుతుంది. మీరు రాత్రి చూసుకుని ఉంటారని నా అనుమానం. పైగా తిండి మార్చకుండా వ్యాయామంతోనే తగ్గే బరువు కొద్దిగానే ఉంటుంది, నెమ్మదిగా ఉంటుంది. ఇది ముందే తెలియక చాలామంది నెలలోపే మానేస్తారు.

మొదటి వారాల్లో మారేది నరాలు. ఉన్న కండరాన్నే మెదడు మెరుగ్గా వాడడం నేర్చుకుంటుంది. అందుకే అద్దంలో ఏమీ కనపడకపోయినా బలం పెరుగుతుంది. గోడ పుషప్స్ ఇప్పుడు ఎన్ని చేస్తున్నారు?

ఆరంభశూరుడు | ఫిబ్రవరి 12, రాత్రి 9:02

రాత్రే చూసుకున్నాను, మీకెలా తెలిసింది! పుషప్స్ 22. అది ఫలితం అనుకోలేదు. ఇంకోటి ఇప్పుడే గుర్తొచ్చింది. లిఫ్ట్ పనిచేయక సోమవారం నాలుగో అంతస్తుకి మెట్లెక్కాను. ఫోన్ మాట్లాడుతూ ఎక్కాను. అవతలివాళ్లు ‘ఏంటి పరిగెడుతున్నావా’ అని అడగలేదు. ఇదివరకు అడిగేవాళ్లు.

లెక్కల_పంతులు | ఫిబ్రవరి 12, రాత్రి 9:20

ఆ మెట్లనే స్కేలు చేసుకోండి. నెలకోసారి అదే నాలుగో అంతస్తు. బరువు మిషన్‌ని మంచం కిందికి తోసేయండి.

పనిలో పని, ఎవరైనా 10,000 అడుగులు పూర్తికాలేదని బెంగపెట్టుకుంటే: ఆ సంఖ్య 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది, ప్రయోగశాలలోంచి కాదు. 2019లో సుమారు 17,000 మంది పెద్దవయసు మహిళల మీద వచ్చిన అధ్యయనంలో, రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్లకన్నా 4,400 వేసేవాళ్లలోనే మరణాలు తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక ఇంకా నడిచినా పెద్ద తేడా కనపడలేదు.

నడకపిచ్చి | ఫిబ్రవరి 13, ఉదయం 6:30

నా మీటరు రోజూ 6,000 చూపిస్తుంది. తొమ్మిదేళ్లుగా దానికి సంజాయిషీ చెప్పుకుంటున్నాను!

రాత్రి_డ్యూటీ | మార్చి 5, ఉదయం 9:15

శూరుడు గారు కనపడట్లేదు. అంతా బాగేనా?

ఆరంభశూరుడు | మార్చి 8, రాత్రి 8:50

బాగానే ఉన్నానండీ. ముందు జ్వరం, తర్వాత దగ్గు, ఆ తర్వాత ఏమీ లేదు, ఊరికే. 13 రోజులు పోయాయి. జ్వరం ఉన్నది నాలుగు రోజులే, మిగతా తొమ్మిదీ నావే. ఇక్కడికి రావాలంటే మొహం చెల్లలేదు. నా ఐడీ మార్చుకోవాల్సిన పని లేదని నిరూపించుకున్నాను.

ఐరన్_బ్రో | మార్చి 8, రాత్రి 9:34

బ్రో, ఒకమాట చెప్పాలి. ఆరేళ్లుగా జిమ్ అని రాశాను కదా. మధ్యలో ఎనిమిది నెలలు లేదు. భుజం దెబ్బతింది, డాక్టర్ ఆరు వారాలు ఆగమన్నాడు. ఆరు వారాలకి భుజం బాగైపోయింది. మిగతా ఆరున్నర నెలలు ఎందుకు వెళ్లలేదంటే, ఇంతకుముందు ఎత్తిన బరువు ఇప్పుడు అందరి ముందూ ఎత్తలేనని. ఖాళీ రాడ్‌తో మొదలుపెట్టాలంటే చచ్చేంత నామోషీ. ఆ ఎనిమిది నెలలూ ఇక్కడ ‘నో ఎక్స్‌క్యూజెస్’ అని రాస్తూనే ఉన్నాను.

చివరికి జనం ఉండని మధ్యాహ్నం పూట వెళ్లి ఖాళీ రాడ్ ఎత్తి వచ్చాను. ఆంటీ భాషలో అది గేటు గడియే అనుకుంటా. సారీ ఆంటీ.

నడకపిచ్చి | మార్చి 9, ఉదయం 6:02

సారీ ఎందుకు నాన్నా. భుజం ఇప్పుడెలా ఉంది?

ఫిజియో_డెస్క్ | మార్చి 9, ఉదయం 7:40

శూరుడు గారూ, పదమూడు రోజులకి పోయేది కొంచెమే. దమ్ము రెండు వారాల తర్వాత నుంచి తగ్గడం మొదలవుతుంది, బలం ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఆగిన చోటి నుంచి కాకుండా సగం నుంచి ఎత్తుకోండి. మీది పదిహేను నిమిషాలకి వచ్చి ఉంటే, ఏడెనిమిది నిమిషాలు. వారంలో పాత చోటికి వస్తారు. దగ్గు ఛాతీలో ఉంటే మాత్రం ఇంకా ఆగండి.

పోయిన రోజులకి పరిహారంగా రెట్టింపు చేయకండి. నా దగ్గరికి వచ్చే దెబ్బల్లో చాలా భాగం ఆ పరిహారాలవే.

ఆరంభశూరుడు | మార్చి 9, రాత్రి 7:55

మెట్లు దిగి ఎక్కాను. ఒకసారే. నోటుబుక్కులో ‘మె’ అని రాశాను.

చీకట్లో_నడిచే_అమ్మాయి | మార్చి 29, ఉదయం 7:48

అక్కా, ఫిజియో గారూ, అందరూ! అయిదో వారం మూడో రోజు అయిపోయింది. ఆ పద్ధతి తెలిసినవాళ్లకి అదేంటో తెలుసు. అంతకుముందు పరుగు ఒక్కోటి ఎనిమిది నిమిషాలు, ఆ రోజు ఉన్నట్టుండి 20 నిమిషాలు ఆపకుండా. మూడో వారం మూడుసార్లు, నాలుగో వారం రెండుసార్లు చేసి ఇక్కడికి వచ్చాను కాబట్టి నాది అయిదో వారం కాదు, ఎన్నోదో.

పద్నాలుగో నిమిషంలో లేసు నిజంగా ఊడింది. కట్టుకోవడానికి వంగితే మళ్లీ లేవనేమోనని భయమేసి, లోపలికి దోపేసి అలాగే పరిగెత్తాను. తెల్లవారిన తర్వాతే. ఒకాయన ఎదురొచ్చాడు, చూశాడు కూడా.

రాత్రి_డ్యూటీ | మార్చి 29, ఉదయం 10:20

వార్డులో అందరికీ చదివి వినిపించాను చెల్లీ. లేసుకి రెండు ముళ్లు వెయ్యి.

ఆరంభశూరుడు | ఏప్రిల్ 19, రాత్రి 9:10

ఫిజియో గారికి ఒక ప్రశ్న. ఇవాళ షూస్ కడుగుతుంటే చూశాను, కుడి మడమ బయటివైపు అంచు అరిగింది. ఎడమది అంతగా లేదు. ఏమన్నా తేడాగా నడుస్తున్నానా? స్టిక్కర్ ఎప్పుడో ఊడిపోయింది, ఎక్కడ పడిందో తెలియదు.

ఫిజియో_డెస్క్ | ఏప్రిల్ 20, ఉదయం 7:15

మడమ బయటి అంచు ముందు అరగడం మామూలే, చాలామంది అడుగు అక్కడే ముందు పడుతుంది. రెండింటికీ మరీ తేడా ఉంటే చూద్దాం. రెండు షూస్‌నీ బల్లమీద పక్కపక్కన పెట్టి, వెనక నుంచి ఫోటో తీసి పెట్టండి.

ఆరంభశూరుడు | ఏప్రిల్ 20, రాత్రి 8:30

ఇంకా తడిగానే ఉన్నాయండీ. ఇవాళ చెప్పులతోనే వెళ్లొచ్చాను. రేపు పెడతాను.